తప్పు పేరుతో పిలిచే సార్

పోయిన వారం పేపర్లో నగరం పేజీ అడుగున చిన్న వార్త ఒకటి వచ్చింది. రైలు తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్న ప్రయాణికుడి చేతి మీద ఎవరో కర్రతో కొట్టారు. ఫోను కింద పడింది. దాన్ని ఎత్తుకుపోతున్న యువకుణ్ణి సీతాఫల్‌మండి దగ్గర పట్టుకున్నారు. ప్రయాణికుడికి ముంజేయి వాచింది, అంతే. చదివి, పేపరు మడిచి, అలవాటు కొద్దీ నా ఫోను వైపు చూశాను. అది మోగలేదు. చాయ్ చల్లారిపోయింది. అప్పటికి గాని గుర్తు రాలేదు, ఆ ఫోను చేసే మనిషి మొన్న చలికాలంలోనే వెళ్ళిపోయాడని.

ఇలాంటి వార్త ఎప్పుడొచ్చినా పొద్దున్నే ఆయన ఫోను చేసేవాడు. సలాములు, కుశల ప్రశ్నలు ఉండవు. "వయసెంత రాసిన్రు?" అనడమే. పేపరు ఆయన ఇంటికీ వస్తుంది, వయసు అందులో ఉండనే ఉంటుంది. కానీ అచ్చులో ఉన్న వయసును ఆయన నమ్మడు. స్టేషనుకు ఫోను చేసి సరిగ్గా కనుక్కోమనేవాడు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా అదే వరస. తెలిసిన పిల్లవాడా అని మొదట్లో ఒకసారి అడిగాను.

"తెల్సేదాంక అందరు తెల్సినోళ్ళే గదా, రిపోర్టర్ సాబ్" అన్నాడు.

ఆయన పేరు రాయడం లేదు. కేసుల్లో ఉన్న పిల్లల పేర్లు అచ్చు వేయకూడదని చట్టం. ఆయన తన పేరు కూడా వేయనిచ్చేవాడు కాదు. పేరు, ఫొటో పేపర్లో పడితే, తను ఏ గడప ఎక్కితే ఆ ఇంట్లో కేసు ఉందని గల్లీ అంతా తెలిసిపోతుందని ఆయన వాదన. ఇప్పుడు ఆయన ఎక్కే గడపలు లేవు. అయినా మాట మాటే.

ఆయన ఉద్యోగం ప్రొబేషన్ ఆఫీసరు. నేరం చేశాడని పట్టుబడిన పిల్లవాడు బాలల న్యాయ బోర్డు ముందుకు వచ్చినప్పుడు, వాడి ఇల్లూ చదువూ సావాసాలూ కనుక్కుని బోర్డుకు చెప్పాలి. ఆయన తండ్రి ఊళ్ళు తిరుగుతూ ఇత్తడి గిన్నెలకు కళాయి వేసినవాడు. ఆ ఊళ్ళ తెలుగే ఆయన నోట్లో ఉండేది, నమాజు దగ్గర తప్ప ఉర్దూ పెద్దగా వినిపించేది కాదు.

భయస్తుడు. ఇది నేను వెటకారంగా అనడం లేదు, ఆయన్ని చెప్పాలంటే మొదట చెప్పవలసిన మాట ఇదే. కుక్కలంటే భయం. లిఫ్టంటే భయం. రైల్వే గేటు ఎత్తి ఉన్నా రెండు పక్కలా చూసి, అనుమానం తీరక మళ్ళీ చూసి దాటేవాడు. ఇరానీ హోటల్లో ఎప్పుడూ తలుపుకు దగ్గరి కుర్చీ. బయట చాయ్ తప్ప ఇంకేదీ ముట్టడు. స్కూటరు నడపడు. లాలాగూడలో ఇంటి దగ్గర దింపుతానని నేను ఎక్కించుకుంటే, నా భుజం రెండు చేతులా పట్టుకుని ప్రతి మలుపుకూ ఏదో దువా చదువుకునేవాడు. ఇంటికి వెళ్ళాక మా ఆవిడ నా చొక్కా భుజం చూసి, ఇవాళ ఆయన్ని ఎక్కించుకున్నారా అని అడిగేది.

కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో పిల్లలు ఆయనకు 'డర్ సార్', అంటే భయం సార్ అని పేరు పెట్టారు. ఆయనకు తెలుసు. "దాంట్ల తప్పేమున్నది? మందులిచ్చెటోన్ని డాక్టర్ సార్ అంటరు. నా దగ్గర ఉన్నది ఇదే" అన్నాడోసారి, చాయ్ సాసర్లో పోసుకుంటూ.

నిజంగానే ఆయన దానితోనే పనిచేసేవాడు. పిల్లవాడి ఇంటికి వెళ్ళి చదువు, అద్దె, తాగుడు, అందరు ఆఫీసర్లూ అడిగేవన్నీ అడిగేవాడు. చెప్పులు వేసుకుంటూ, వెళ్ళబోయే ముందు మాత్రం ఒకటి అడిగేవాడు: "మీ పోరడు దేనికి భయపడ్తడమ్మా?" వాడికి దేనికీ భయం లేదని చాలా ఇళ్ళలో చెప్పేవాళ్ళట, కొందరు విసుగ్గా, కొందరు గొప్పగా. అలాంటి ఇంటి నుంచి వచ్చిన రోజు ఆయన మొహంలో రక్తం ఉండేది కాదు. భయం లేని పిల్లవాడు ఉండడని, వాడి భయం ఇంట్లోవాళ్ళ కంటికి కూడా పడలేదంటే వాడు చాలా దూరం వెళ్ళిపోయినట్టేనని ఆయన లెక్క.

ఆయన తలపుకొస్తే వెంట ఒక పిల్లవాడు వస్తాడు. కొన్నేళ్ళ కిందటి సంగతి. లాలాగూడ దాటాక రైలు నెమ్మదించే చోట, పట్టాల పక్కన ముగ్గురు నిలబడ్డారు. ఇద్దరు పెద్దవాళ్ళు, మూడోవాడికి పదిహేడేళ్ళు. కర్ర ఆ మూడోవాడి చేతిలో ఉంది. తలుపు దగ్గర ఫోను మాట్లాడుతున్న మనిషి చేతి మీద కొట్టాడు. ఫోనుతో పాటు మనిషి కూడా పడ్డాడు. ఆస్పత్రికి చేర్చేలోగా ప్రాణం పోయింది. హత్య కేసు పెట్టారు.

పదహారు నిండినవాడు ఇంత పెద్ద కేసులో చిక్కితే బోర్డు అన్నిటికంటే ముందు ఒకటి తేల్చాలి. చేస్తున్నదాని ఫలితం వీడికి తెలుసా? పిల్లవాడిగానే విచారించాలా, పెద్దవాడితో సమానంగా విచారించమని పై కోర్టుకు పంపాలా? పై కోర్టులో శిక్ష పడితే, ఇరవై ఒకటి నిండాక పెద్దల జైలే. అది ఏళ్ళ మీద ఏళ్ళు.

పిల్లవాణ్ణి మొదటిసారి చూసివచ్చిన రోజు ఆయన హోటల్లో కూర్చున్నాడే గాని చాయ్ ముట్టలేదు. పిల్లవాడు ఏది అడిగినా ఒకటే మాట అంటున్నాడట, ఔ సార్ అని. కొట్టినవా? ఔ సార్. పైసలకా? ఔ సార్. మనిషి కింద పడి చస్తాడని తెలుసా? ఔ సార్.

తెలిసే చేశాడేమో మరి అన్నాను.

"నాకు సుత గదే భయమైంది. అందుకని వాన్ని వేరే పేరుతోని పిలిచిన."

వాడిది కాని పేరు ఏదో నోటికొచ్చింది పెట్టి, నువ్వు ఫలానా కదా అన్నాడట. ఔ సార్ అన్నాడు. మీది బొల్లారం కదా అంటే ఔ సార్. వాడిది సీతాఫల్‌మండి. ఇవాళ ఐతారం కదా అంటే దానికీ ఔ సారే. ఆ రోజు మంగళవారం.

"వాడు ఒప్పుకుంటలేడు, సాబ్" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "కొట్టనీకె చెయ్యి లేస్తె తల వంచుతరు సూడు, గట్ల వంచుతున్నడు. బోర్డు ముంగట సుత గిట్లనే అంటే అయిపాయె."

ఆ ఔ సార్ వాడికి ఎక్కడ అంటిందో ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసింది. తల్లి బొల్లారంలో పెద్ద బంగళాల్లో గిన్నెలు తోమేది. చిన్నప్పుడు కొడుకును ఎవరి దగ్గరా వదిలే వీలు లేక వెంట తీసుకుపోయేది. పెద్దవాళ్ళ ముందు కాదనొద్దని చెప్పి తీసుకుపోయేది. తిన్నావా అని మేడమ్ అడిగితే, తినకపోయినా తిన్నాననాలి. ఆడుకుంటుంటే గ్లాసు పగిలితే, నువ్వేనా అంటే, కాకపోయినా ఔననాలి, అప్పుడు ఒక్క తిట్టుతో పోతుంది. ఇన్నేళ్ళలో ఆమెకు ఏ బంగళాలోనూ పని పోలేదు. కొడుకును పట్టుకుపోయిన రోజున కూడా స్టేషను గేటు బయట నిలబడి అదే చెప్పింది: "ఏమడిగినా ఔనను బిడ్డా, కొట్టరు." ఆమెకు తెలిసిన కాపాడుకోవడం అదొక్కటే. ఆఫీసరు దగ్గర దాచలేదు. ఏదో మంచి పని చేసినట్టే చెప్పింది.

చెప్పులు వేసుకుంటూ ఆయన ఎప్పటి ప్రశ్న అడిగాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. "ఎవరన్న కోపం చేస్తరేమోనని భయపడ్తడు సార్" అంది. ఆయన ఒక చెప్పుతోనే గడప మీద కూర్చుండిపోయాడట.

అక్కడి నుంచి ఆయనకు రెండు భయాలు పట్టుకున్నాయి. పిల్లవాడికి జవాబులు నేర్పకూడదు. నేర్పితే అది మోసం, ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. నేర్పకపోతే వాడు ఔ సార్ అంటూ అంటూ జైలు దాకా నడిచిపోతాడు. చివరికి, జవాబులు నేర్పను, కాదు అనే మాటొక్కటే నేర్పిస్తానన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ వాణ్ణి తప్పు పేరుతో పిలిచేవాడు. రోజుకో పేరు. చాయ్‌లో ఉప్పు వేశారా అని అడిగేవాడు. నువ్వు మొన్న రాత్రి గోడ దూకి సినిమాకు పోయావట కదా అనేవాడు. అన్నిటికీ ఔ సారే. చుట్టూ ఉన్న పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవారట. డర్ సార్‌కు పిచ్చెక్కిందనుకున్నారు. నవ్వని వాళ్ళు ఇద్దరే, ఆయనా, ఆ పిల్లవాడూ.

విచారణ దగ్గరికొస్తోంది. కేసు సంగతి వదిలేసి ఒకరోజు వాణ్ణి అడిగాడు. "మీ అమ్మ నిన్ను చూడనీకె రాలే గదా?"

ఔ అనడానికి వాడి నోరు తెరుచుకుంది. అక్కడే ఆగింది.

"రాలేదని రాస్కుంటున్న" అని ఈయన పెన్ను తీశాడు.

"కాదు సార్" అన్నాడు వాడు. "వచ్చింది. నిన్ననే వచ్చింది. పల్లీలు తెచ్చింది." అని, ఇప్పుడు కొడతారా అన్నట్టు భుజాలు ముడుచుకుని చూశాడట. ఈయన పెన్ను జేబులో పెట్టి, తప్పైంది బిడ్డా, నువ్వు చెప్పిందే నిజం అన్నాడు. పెద్దవాళ్ళు ఆ మాట అనగా వాడు ఎప్పుడూ విని ఉండడు.

ఆ సాయంత్రం ఆయన నా ఎదుట మొదటిసారి బయటి సమోసా తిన్నాడు. సగం తిన్నాక భయం వేసి మిగతాది నా సాసర్లో పెట్టాడు. ఉన్నట్టుండి, కాదనడం వచ్చినవాడికి అబద్ధం ఆడటం కూడా వస్తుంది కదా సాబ్ అన్నాడు. ఈ మాటతో వాడు రేపు అన్నిటికీ కాదంటే? బయటికి వచ్చి మళ్ళీ కర్ర పట్టుకుంటే? వాడు జైలుకు పోతే ఏమైపోతాడోనని భయం, పోకపోతే ఏం చేస్తాడోనని భయం. ఆ రెండింటి మధ్య ఆయన సగం సమోసా నా ఎదుట చల్లారింది. నాకు కూడా తినబుద్ధి కాలేదు.

బోర్డులోకి పేపరువాళ్ళను రానివ్వరు. ఆ రోజు నేను వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. అవతలి కొసన పిల్లవాడి తల్లి. ఎదుటి బెంచీ మీద, చనిపోయిన మనిషి భార్య, పక్కన ఆమె అన్న. అంత ఇరుకు వసారాలో ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో చెప్పలేను. తల్లి నేల చూసింది. ఆమె పైకప్పు చూసింది.

ఆయన లోపలికి వెళ్ళబోతుంటే ఆ భార్య లేచి అడ్డం వచ్చింది.

"మీరేనా సార్ ఆ పిల్లగాని గురించి రాసేది?"

"నేనేనమ్మా."

"వాని ఇల్లు, వాని అమ్మ, వాని చదువు అన్నీ రాస్తరట. మా ఆయన గురించి ఎవరు రాస్తరు సార్? గాలి వస్తదని తలుపు కాడ నిలబడ్డడు. అంతే చేసిండు."

ఆయన చేతిలో కాగితాలు గుండెకు ఆనించుకుని, ఆమె పక్కకు తప్పుకునేదాకా తల వంచుకు నిలబడ్డాడు. కుక్క ఎదురైనప్పుడు కూడా ఆయన్ని అంత భయంతో చూడలేదు నేను.

తలుపు మూశారు. లోపలి నుంచి మాటలు వినపడవు, ఫ్యాను చప్పుడే. ముప్పై ఏళ్ళు కోర్టుల బయట, ఆస్పత్రుల బయట కూర్చున్నవాణ్ణి. ఎదురుచూడటం నా ఉద్యోగంలో భాగం. ఆ రోజు మాత్రం రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చాను. ఆ తల్లి ఉన్నట్టుండి నా వైపు తిరిగి, వాడు లోపల పెద్దోళ్ళకు ఎదురు చెప్పడు కదా సార్ అని అడిగింది. ఆమె భయం ఆమెది.

తలుపు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది. నిర్ణయం ఇంకో రోజు చెబుతామన్నారు. మఫ్టీలో ఉన్న కానిస్టేబులు పక్కన పిల్లవాడు బయటికి వచ్చాడు. సన్నగా ఉన్నాడు, మెడ పొడుగు. వాడి వెనకే ఆయన వచ్చాడు. మొహం చెమటలు. వాడి భుజం మీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే అడిగాడు.

"ఇగ భయం లేదు గదా?"

వాడు తల ఎత్తాడు. వసారా అంతా చూశాడు. తల్లినీ, ఎదుటి బెంచీ మీద ఆమెనూ.

"కాదు సార్" అన్నాడు. "ఉన్నది."

"నాకు సుత" అన్నాడు ఆయన.

చనిపోయిన మనిషి భార్య పిల్లవాడి మొహం చూడలేదు. చేతులు చూసింది. వాణ్ణి మెట్లు దించి తీసుకుపోయేదాకా ఆ చేతులే చూస్తూ నిలబడింది.

లోపల ఏం జరిగిందో ఆయన రిటైరయ్యే దాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా ఒకే ఒక్క సంగతి చెప్పాడు. మేజిస్ట్రేటు మేడమ్ దయగల మనిషి. పిల్లవాడు తప్పించుకోవడానికి దారి ఇచ్చినట్టే అడిగిందట, ఆ పెద్దవాళ్ళు బెదిరించి కర్ర నీ చేతిలో పెట్టారు కదా అని. ఔనంటే చాలు. వాడికి పుట్టినప్పటి నుంచీ వచ్చిన మాట అదే.

"కాదు మేడమ్. నేనే అడిగి తీస్కున్న. నన్ను చిన్నపోరడంటున్నరని" అన్నాడట వాడు.

అయిపోయింది, నేనే వీణ్ణి ముంచాను అనుకున్నాడు ఈయన. నేర్పిన మాట వాడి మెడకే చుట్టుకుంది. మేడమ్ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత, కొడితే మనిషి పడతాడని తెలుసు కదా అంది.

"కాదు మేడమ్. ఫోన్ పడ్తదనుకున్న."

మొదటి 'కాదు' వాడికి నష్టం చేసేది. అది చెప్పినవాడు కాబట్టి రెండోది నమ్మారు. ఆయన అలా అనుకున్నాడు. నిజంగా బోర్డు దేన్ని చూసిందో మాకు తెలియదు. కేసు పై కోర్టుకు పోలేదు. పిల్లవాణ్ణి స్పెషల్ హోమ్‌కు పంపారు. అక్కడ ఏసీలు బాగుచేసే పని నేర్చుకున్నాడని, బయటికి వచ్చాక ఎక్కడో కుదిరాడని కొన్నాళ్ళు ఆయన చెప్పేవాడు. తర్వాత ఆ తల్లి బంగళాల పని మానేసింది, ఇల్లు మారారు, ఫోను నంబరు పనిచేయడం మానేసింది. మంచిదే, కొత్త చోట ఎవరికీ తెలియకుండా బతుకుతున్నారు అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. పొద్దున్నే ఫోన్లు మొదలైంది అప్పటి నుంచే.

చివరి ఫోను ఆస్పత్రి నుంచి వచ్చింది. ఊపిరి అందడం లేదు. మాటల్లో నాకు తెలిసింది వయసు అన్నదొక్కటే. కనుక్కుని చెప్పాను, ముప్పై దాటినవాడని. ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఖబ్రస్తాన్‌లో ఆయనకు గేటు పక్కనే చోటు దొరికింది. మట్టి వేస్తూ, తలుపుకు దగ్గరే అనుకున్నాను.

ఆ పేపరు మడిచి పక్కన పెట్టినవాణ్ణి మళ్ళీ విప్పాను. వయసు పంతొమ్మిది అని ఉంది. మా పిల్లవాడు ఈపాటికి ఆ వయసు దాటేసి ఉంటాడు. అయినా చేతులు ఊరుకోలేదు. ఇప్పుడు ఆ వార్తలు చూసే కుర్రవాడికి ఫోను చేశాను. నా తర్వాత ఆ సీట్లోకి వచ్చినవాళ్ళలో మూడోవాడో నాలుగోవాడో.

"పంతొమ్మిదని స్టేషన్ల చెప్పిన్రు సార్" అన్నాడు. "నేను చూసిన. చూడనీకె జెర చిన్నగనే కనవడ్తున్నడు. ఎందుకు సార్, తెల్సినోడా?"

ఇంకా తెలియదన్నాను. ఏమంటున్నాడని అడిగాను.

"ఏముంది సార్, తక్లీఫ్ లేని కేసు. పాతవి సుత ఒప్పుకున్నడు. ఏది అడిగినా ఔ సార్ అంటున్నడట."

మొదట నా గుండె తేలికైంది. అయితే మా పిల్లవాడు కాడు. వాడికి కాదనడం వచ్చు. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. ఆ స్టేషను బయట ఇప్పుడు ఏ తల్లి నిలబడి ఉందో, ఏమని చెప్పి పంపిందో తెలుస్తూనే ఉంది. పంతొమ్మిది అన్నది కూడా ఎవరో అడిగితే వాడు ఔనన్నదే అయి ఉంటుంది.

"నువ్వు మళ్ళీ అటు పోతున్నావా?" అని అడిగాను.

"పోతున్న సార్."

"ఒక పని చెయ్యి బాబూ. వాణ్ణి వేరే పేరుతో పిలిచి చూడు."